చేతి దుబాసీ

వేదికపై వక్త నోట మాట వెలువడిన రెండుమూడు క్షణములకే, చేతులు స్పష్టముగా కనబడుటకై నిరాడంబరమైన ముదురురంగు దుస్తులు ధరించి ప్రక్కన నిలిచిన దుబాసీ, ఆ మాటను దృశ్యముగా మార్చి బధిరుల కందించుచుండుటను ఎన్నిమారులు చూచినను నాకు తనివి తీరదు. ఆ పని చేతులతో ముగియునది కాదు: అవుననియో కాదనియో బదులు కోరు ప్రశ్నయైనచో కనుబొమలు పైకి లేవవలెను, భ్రుకుటి ముడివడినచో అర్థమే మారిపోవును.

సంజ్ఞ యేర్పడని ఊరిపేరో మనిషిపేరో వచ్చినప్పుడు వ్రేళ్లు అక్షరములను కూర్చును. బ్రిటిషు పద్ధతిలో బొటనవ్రేలు మొదలు చిటికెనవ్రేలివరకు ఒక చేతి ఐదు కొనలును ఆంగ్లభాషలోని ఐదచ్చులు. రెండవచేతి చూపుడువ్రేలు ఏ కొనను తాకిన ఆ అక్షరము పలికినట్లే. భారతీయ సంజ్ఞాభాషలోను ఆంగ్లాక్షరములకు రెండుచేతులు వాడుదురు. అమెరికావారికి ఒకచేయి చాలును; 1620లో మాడ్రిడ్‌లో హువాన్ పాబ్లో బొనెట్ ప్రకటించిన ఒంటిచేతి అక్షరమాలకు వారిది వారసత్వము.

ఇంతటి విద్యను 1880లో మిలాన్ నగరమున కూడిన ఉపాధ్యాయమహాసభ పాఠశాలలనుండి వెడలగొట్టి నోటిమాటకే పట్టము కట్టినది. అది ఘోరమైన అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము. బధిరులు మాత్రము తమ భాషను విడువలేదు. 1960లో విలియం స్టోకీ అమెరికా సంజ్ఞలకు భాషానిర్మాణము గలదని నిరూపించిన పిదపగాని పండితలోకము కన్ను తెరవ నారంభింపలేదు.

మన న్యాయస్థానములును, ఆసుపత్రులును, కళాశాలలును ఈ దుబాసీలను స్థిరోద్యోగులుగా నియమించి, వారి శ్రమకు తగిన వేతనమిచ్చి గౌరవింపవలెనని నా విన్నపము.