కంటి కొలత, కాటా కొలత

వంటలో గ్రాముల లెక్క చెప్పేవాళ్ళంటే నాకు పడదని ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. పులిహోరకు చింతపండు గుజ్జు ఎన్ని మిల్లీలీటర్లని ఉత్తరం రాసినావిడకు నేనిచ్చిన జవాబు, దానిమీద పడ్డ అక్షింతలు పాత పాఠకులకు గుర్తుండే ఉంటాయి. పిడికెడు, చిటికెడు, చారెడు, గరిటెడు. చెయ్యి తిరిగినవాళ్ళకు ఇవి చాలు. కాటా పెట్టుకుని కూర వండేవాడు చివరికి కాటానే తినాలి. ఇదీ నా వాదం. అలాంటి నాకు ఈ వారం మా మేనల్లుడు వీడియో కాల్‌లో చూపించినది ఎంత చిరాకు తెప్పించి ఉంటుందో మీరే ఊహించుకోండి.

వాడుండేది ఇంగ్లండులో, లెస్టర్‌లో. బల్ల మీద గ్రాములో నూరో వంతు దాకా తూగే చిన్న కాటా, దానిమీద ఖాళీ సీసా, చేతులకు నీలం తొడుగులు. “ఏంట్రా, కంసాలి కొట్టు పెట్టావా?” అన్నాను. “కాదు మావయ్యా, జ్యూస్ కలుపుతున్నా” అన్నాడు. బత్తాయి జ్యూస్ కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేసేటప్పుడు అంటుకున్న సిగరెట్టును అక్కడికెళ్ళాక మానేసి వేప్, అంటే ఇ-సిగరెట్టు, పట్టుకున్నాడు. అందులో పోసే ద్రవాన్ని ఇప్పుడు షాపులో కొనకుండా ఇంట్లోనే కలుపుకుంటున్నాడు. సిగరెట్టు మానినందుకు మెచ్చుకోవాలో, ఇంకో గొట్టం నోట్లో పెట్టినందుకు తిట్టాలో తేలలేదు. సరే, ముందు చూద్దామని కూర్చున్నాను.

సరుకులు నాలుగే. ప్రొపిలీన్ గ్లైకాల్, వాళ్ళ పిలుపులో పీజీ. పల్చగా ఉంటుంది, రుచిని మోస్తుంది, గొంతులో కాస్త గరగరమనిపిస్తుంది. రెండోది వెజిటబుల్ గ్లిజరిన్, అంటే వీజీ. చిక్కగా తీగ సాగుతుంది, కొంచెం తియ్యన. వదిలినప్పుడు మబ్బులా కమ్ముకునేదంతా దీని చలవే. మూడోది రుచినిచ్చే సారం. నాలుగోది నికోటిన్. చిన్న పరికరాలకు పీజీ, వీజీ సగం సగం, పెద్ద మబ్బులు వదిలేవాటికి వీజీ డెబ్బై పాళ్ళు.

సీసాను కాటా మీద పెట్టి అంకెను సున్నా చేశాడు. సారం చుక్కలు చుక్కలుగా వేశాడు, ఆగాడు, అంకె చూశాడు, ఇంకో చుక్క వేశాడు. మళ్ళీ సున్నా చేసి పీజీ పోశాడు. మళ్ళీ సున్నా. ఊపిరి బిగబట్టి చేస్తున్నాడు. అన్నప్రాశననాడు కత్తి పట్టుకున్నవాడు ఇంత నాజూగ్గా చుక్కలు లెక్కపెడుతుంటే నాకు నవ్వొచ్చింది. సిరంజితో కొలుచుకోవచ్చు కదా అన్నాను. వీజీ సిరంజి గోడలకు అంటుకుపోతుందట. తూకమైతే సీసాలో పడినంతే లెక్క. మిల్లీలీటరు పీజీ సుమారు 1.04 గ్రాములు, వీజీ 1.26 గ్రాములు. ఆ రెండంకెలు గుర్తుంటే సిరంజిలు కడుక్కునే పని తప్పుతుందన్నాడు.

నికోటిన్ దగ్గరికొచ్చేసరికి వాడి ముఖం మారింది. బ్రిటన్‌లో 2016 నుంచి కట్టుబాట్లున్నాయి. నికోటిన్ ఉన్న సీసా ఏదైనా 10 మిల్లీలీటర్లు మించకూడదు, అందులో గాఢత మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. అందుకని అక్కడ ఇళ్ళలో కలుపుకునేవాళ్ళు 10 మిల్లీలీటర్ల బుల్లి సీసాలు కొంటారు. ఎక్కువగా దొరికేది 18 మిల్లీగ్రాములది. మొత్తం 60 మిల్లీలీటర్లు అయ్యేలా ఒకటి కలిపితే మిల్లీలీటరుకు 3 మిల్లీగ్రాములు. 120 అయ్యేలా కలిపితే ఒకటిన్నర. మూడో తరగతి లెక్క. కాని ఆ లెక్క తప్పితే తల తిరుగుడు, వాంతులు. తొడుగులు అందుకే. నికోటిన్ చర్మం గుండా కూడా లోపలికి పోతుంది. ప్రకాశం జిల్లాలో తడి పొగాకు కొట్టినవాళ్ళను అడగండి, వాంతులంటే ఏమిటో చెబుతారు. మన రైతు పురుగుల మీద పొగాకు కషాయం కొట్టేదీ ఈ పదార్థం బలం చూసుకునే. పిల్లలున్న ఇంట్లో ఆ బుల్లి సీసా బల్లమీద వదిలేసి పోయేవాణ్ణి బెత్తంతో కొట్టినా తప్పులేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చేసే తప్పు ఒకటేనట, ఆత్రం. పది రకాల సారాలు కొని అన్నీ ఒకే సీసాలో గుమ్మరిస్తారు. సారం నూటికి ఐదు నుంచి పది పాళ్ళు చాలు. ఎక్కువైతే రుచి పెరగదు, సెంటు తాగినట్టుంటుంది. ముందు ఒకే సారంతో చిన్న సీసా కలపాలి, మూతమీద తేదీ, పాళ్ళు రాసిపెట్టాలి, ఊరనివ్వాలి. పళ్ళ రుచులు రెండు మూడు రోజుల్లో దారికొస్తాయి. కస్టర్డు, వెనీలా లాంటివి వారాలు పడతాయి. వాడి నోటుపుస్తకం చూపించాడు. ‘స్ట్రాబెర్రీ 6, వద్దు. స్ట్రాబెర్రీ 4, వెనీలా 1, పరవాలేదు.’ చదువుకునే రోజుల్లో ఇంత శుభ్రంగా నోట్సు రాసి ఉంటే మా చెల్లెలు వాడిమీద అంత గొంతు చించుకోనక్కర్లేకపోయేది.

ఇంత తంటా ఎందుకురా, కొనుక్కోరాదా అంటే, ఖరీదు సంగతి చెప్పాడు. 2026 అక్టోబరు 1 నుంచి అక్కడ ప్రతి 10 మిల్లీలీటర్ల ద్రవానికీ 2.20 పౌండ్ల సుంకం, నికోటిన్ ఉన్నా లేకపోయినా. ఆ తర్వాత ఒక మాట అన్నాడు. “అయినా మావయ్యా, కొన్నదాంట్లో ఏం కలిపారో ఎవరికి తెలుసు? ఇది నా చేత్తో కలిపింది.”

అక్కడ నాకు మా నాయనమ్మ కనిపించింది.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వినిపించేంత దూరంలో ఉండేది మా ఊరు. నాయనమ్మ చుట్ట తాగేది. గిరీశం శిష్యుడికి నేర్పిన ఇంగ్లీషు మార్కు చుట్ట కాదు, అడ్డచుట్ట. తెలియనివాళ్ళకు చెబుతున్నాను, నిప్పున్న కొస నోట్లో ఉంటుంది, నిప్పులేని కొస బయట. మా వైపు తీరప్రాంతపు పల్లెల్లో ఆడవాళ్ళ అలవాటిది. తల్లి నుంచి కూతురికి వచ్చేది. గాలికి ఆరదు, నిప్పురవ్వ కోకమీద పడదు, చేతులు రెండూ పనికి ఖాళీగా ఉంటాయి. వల బాగుచేస్తూ, బట్టలుతుకుతూ, వరి నూరుస్తూ తాగేవాళ్ళు. పై ఊళ్ళ నుంచి వచ్చిన చుట్టాలు నోరెళ్ళబెట్టి చూస్తే నాయనమ్మకు అదో వినోదం.

చుట్ట చుట్టడం ఆవిడకు పనిలా ఉండేది కాదు, పూజలా ఉండేది. సంతలో ఆకు కొనేటప్పుడు వాసన చూసేది, వేళ్ళమధ్య నలిపేది, ఎండకు పట్టి చూసేది. లంక పొగాకు దొరికితే మరీ సంబరం. సాయంత్రం అరుగుమీద కూర్చుని ఆకుమీద నీళ్ళు చిలకరించి మెత్తబడేదాకా గోనెపట్టా కప్పేది. నడిమి ఈనెను గోటితో ఒక్క లాగుతో తీసేది. ఎక్కడా చిరగదు. ముక్కలను లోపల పేర్చి, మంచి ఆకు పైన వేసి, పీటమీద అరచేత్తో దొర్లించేది. కొసను మెలిపెట్టి దారం చుట్టేది. ఒక్కొక్కటీ ఒకే పొడవు, ఒకే లావు. కొలబద్ద లేదు, కాటా లేదు. కంటి కొలత మీద నాకున్న భక్తికి మొదటి గురువు ఆవిడే. ఈ సంగతి ఇన్నేళ్ళ కాలమ్‌లో ఎప్పుడూ రాయలేదెందుకో.

మా నాన్న పట్నం నుంచి వస్తూ ఒకసారి డబ్బాలో చుట్టలు తెచ్చాడు, పైన ఎర్ర కాగితపు పట్టీ వేసినవి. నాయనమ్మ వాసన చూసి పక్కన పెట్టేసింది. “బజార్దాన్లో ఏటి కలిపీసినారో ఎవుడికి తెలుసు? ఇది నా సేత్తో సుట్టుకున్నది” అంది. మా అమ్మ ఎప్పుడైనా మానమంటే కూడా అదే జవాబు. తన చేత్తో చుట్టుకున్నది తనకెందుకు చెరుపు చేస్తుందని ఆవిడ నమ్మకం. నేనూ నమ్మాను. చిన్నప్పుడు ఆవిడ ఆవులించినప్పుడు చూసేవాణ్ణి. అంగిలి తెల్లగా, గట్టిపడి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలతో ఉండేది. ముసలివాళ్ళ అంగిలి అలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. మా ఊళ్ళో ముసలివాళ్ళలో చాలామందికి అలాగే ఉండేది మరి.

ఆ అంగిళ్ళను చూడటానికి డెన్మార్కు నుంచి మనుషులొచ్చారని పెద్దయ్యాక చదివాను. పిండ్‌బోర్గ్ అనే నోటిరోగాల శాస్త్రవేత్త, ముంబయి సహచరులతో కలిసి మన రాష్ట్రపు పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి 1971లో బ్రిటిష్ కేన్సర్ పత్రికలో రాశాడు. అడ్డచుట్టకూ అంగిలి పుండ్లకూ, కేన్సర్‌కూ ఉన్న బంధుత్వం అందులో ఉంది. ప్రపంచంలో అంగిలి కేన్సర్ అరుదు. మా తీరాన కాదు. ఆ నోళ్ళు కాల్చిన చుట్టల్లో బజారువెన్ని, ఇంటివెన్ని అని అంగిలి అడగలేదు. నాయనమ్మకు చివరి రోజుల్లో కారం తగిలితే కళ్ళనీళ్ళొచ్చేవి. మజ్జిగన్నం తప్ప ముట్టేది కాదు. చుట్ట మాత్రం మానలేదు.

కాబట్టి ‘నా చేత్తో కలిపింది’ అని మేనల్లుడు అన్నప్పుడు, మామూలుగానైతే చప్పట్లు కొట్టేవాణ్ణి. ఇంటి పచ్చడి, ఇంటి కాఫీపొడి, ఇంటి సున్నిపిండి అంటూ ఈ కాలమ్‌లో ఎంత సిరా ఒలికించానో మీకు తెలుసు. ఈసారి చేతులు కదల్లేదు. వంటింటి న్యాయం నాలుక దగ్గర ఆగిపోతుంది, ఊపిరితిత్తుల దాకా రాదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ ఫ్యాక్టరీ ఒకటుంది. వెన్న వాసన కోసం డయాసిటైల్ అనే రసాయనం వాడేవాళ్ళు. తినడానికి పేచీ లేదు. ఆవిరి పీల్చిన కార్మికుల ఊపిరి గొట్టాలు మాత్రం మూసుకుపోయాయని 2000లో బయటపడింది. వేప్ సారాల్లో వెన్న, కస్టర్డు రుచులంటే తెలిసినవాళ్ళు ముందు డయాసిటైల్ ఉందా అని అడిగేది అందుకే. 2019లో అదే అమెరికాలో వేప్ పీల్చినవాళ్ళు ఊపిరాడక ఆసుపత్రుల పాలయ్యారు. 2020 ఫిబ్రవరి నాటికి లెక్కకొచ్చినవాళ్ళు 2,807 మంది, చనిపోయినవాళ్ళు 68 మంది. ఎక్కువమంది వాడింది దొంగచాటుగా అమ్మిన గంజాయి సారం. దాన్ని చిక్కబరచడానికి కలిపిన విటమిన్ ఈ ఎసిటేట్ మీదే గట్టి అనుమానం. మింగితే విటమిన్, పీలిస్తే విషం. మన వంటింట్లో ఉండే ఏలకుల నూనె, కేకు ఎసెన్సు, పూజకు తెచ్చిన అత్తరు ఏదీ అందులో వేయడానికి పనికిరాదు. నూనె అన్నది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అంతే.

మేనల్లుడికి ఇదంతా చెప్పబోతే వాడికి నాకన్నా ఎక్కువే తెలుసు. నూనె సారాలు తేడు, వెన్న రుచుల జోలికి పోడు. వాణ్ణి కాటాతో చూసి మొదట నవ్వుకున్నాను గాని, ఆ బల్లమీద ఉన్నవాటిలో నాకు నచ్చింది చివరికి ఆ కాటా ఒక్కటే. నాయనమ్మ చుట్టకు లావు పొడవులు ఉండేవి గాని, అందులో నికోటిన్ ఎంతో చెప్పే అంకె లేదు. అంకె లేనిదాన్ని తగ్గించడం ఎలా? మేనల్లుడి నోటుపుస్తకంలో మొదటి పేజీల్లో 12 ఉంది, తర్వాత 6, ఇప్పుడు 3. షాపులో 6 తర్వాత 3కు దూకాలి. ఇంట్లో కలుపుకుంటే 5, 4 అని మెట్లు మెట్లుగా దిగొచ్చు. సున్నా దాకా పోవచ్చు.

పోతాడా? నాకు నమ్మకం తక్కువ. మొదట్లో వాడి పుస్తకంలో అంకెలే ఉన్నాయి. తర్వాతి పేజీలన్నీ స్ట్రాబెర్రీ, వెనీలా, మామిడి, పుదీనా. 3 దగ్గర ఆగిపోయి చాలా పేజీలైంది. లెక్కకోసం మొదలుపెట్టినవాడు రుచికోసం కలుపుతున్నాడు. ఇది చేతిపని అయిపోయింది, ముద్దొస్తోంది. ముద్దొచ్చే అలవాటును ఎవడు మానతాడు? అదే మాట వాడికి చెప్పాను. “మావయ్యా, నువ్వు మళ్ళీ కాలమ్ మొదలెట్టావ్” అని ఫోను పెట్టేశాడు.

ఇది చదివి ఇక్కడ కాటా కొనబోయే కుర్రాళ్ళకు ఒక మాట. బ్రిటన్‌లో అది చట్టం ఒప్పుకున్న పని. మనదేశంలో 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, ఆ డిసెంబరులో చట్టం వచ్చాయి. ఇ-సిగరెట్టుగాని దాని భాగంగాని తయారుచేయడం, దిగుమతి, అమ్మకం, రవాణా, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారికి ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రతి కిళ్ళీ కొట్టులోనూ సిగరెట్టూ బీడీ వేలాడుతుండగా ఇదేం న్యాయమని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు, ప్రభుత్వాన్నే అడగండి. అసలు పొగ తాగనివాడికి లెస్టర్‌లోనైనా శ్రీకాకుళంలోనైనా ఈ సీసాతో పనేలేదు. తాగేవాళ్ళకు మాత్రం అంకెలతో దిగే మెట్లు ఇక్కడా ఉన్నాయి. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. మానాలనుకునేవాళ్ళకు సాయంగా కేంద్ర ఆరోగ్యశాఖ నడిపే ఉచిత ఫోను నంబరు 1800-112-356. ఇంట్లో చుట్టో బీడీయో తాగే పెద్దవాళ్ళుంటే, ఈ ఆదివారం ఒకసారి టార్చిలైటు వేసి వాళ్ళ అంగిలి చూడండి. తెల్లమచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకుండా పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.