ప్రదర్శన వేరు, పరీక్ష వేరు

రాబోయే కాలాన్ని గురించి వ్రాయటం సులభం. వ్రాసినది తప్పని చెప్పటానికి ఆ కాలం ఇంకా రాలేదు గదా! అందుకే కాబోలు, ‘రేపటి ప్రపంచాన్ని మార్చబోయే పది వింతలు’ వంటి వ్యాసాలకు మన భాషలో కొరత లేదు. జన్యువులను దిద్దటం, కృత్రిమ మేధ, కొత్త టీకాలు, మనిషి లేకుండా పొలంలో తిరిగే యంత్రాలు అన్నీ వాటిలో వరుసగా వస్తాయి. మొన్న తరగతిలో ఒక విద్యార్థి అటువంటి వ్యాసమొకటి చదివి, “ఇవన్నీ మా వూరికి ఎప్పుడొస్తాయి సార్?” అని అడిగాడు. అతనిది కుప్పం దగ్గర పల్లె. కొత్త సాధనాలు ఆ ప్రాంతానికి ఇదివరకే ఒకటి రెండుసార్లు వచ్చాయి. వచ్చినవి ఏమైనాయో మాత్రం ఆ వ్యాసాలు అడగవు.

ఇటువంటి రచనలలో విషయాలు తప్పులని నా ఆక్షేపణ కాదు, చాలావరకు ఒప్పులే. ఐతే ఒక సాధనం ఏమి చేయగలదో చెప్పి వూరుకుంటారు. అది నిజంగా ఆ పని చేసిందో లేదో ఎట్లా తెలుసుకోవాలో చెప్పరు. విజ్ఞానశాస్త్రానికి ప్రాణం ఈ రెండవ ప్రశ్నలోనే వున్నది. దీనిని దూరదేశాల ఉదాహరణలతో చెప్పనక్కరలేదు. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం పోయే దారి చాలు. వానలు తక్కువ, బోర్లు లోతు ఐన ఈ మెట్టప్రాంతంలో ఒక కొత్త సాధనం విఫలమైతే, నష్టపడేది దానిని తెచ్చినవారు కాదు, దానిని నమ్మినవారు.

దారి చివరనున్న కుప్పంతో మొదలుపెడదాం. 1990 దశకం చివరి భాగంలో ఇజ్రాయెల్ పద్ధతి వ్యవసాయాన్ని అక్కడ ప్రదర్శనగా నడిపారు. చిన్న కమతాలను కలిపి, సన్నని గొట్టాల ద్వారా నీటినీ, నీటితోపాటే ఎరువులనూ వేళ్ళ దగ్గరకు బొట్టు బొట్టుగా అందించారు. దిగుబడులను ఘనంగా చెప్పుకున్నారు. భూగర్భజలం ఎంత ఖర్చవుతున్నది, ఇంత పెట్టుబడిని చిన్న రైతు ఎక్కడినుండి తెస్తాడు అన్న విమర్శలూ వచ్చాయి. తరువాత 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలోనే ‘ఐ-కమ్యూనిటీ’ అనే పథకాన్ని ప్రారంభించింది. పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలు పెట్టారు. కొందరు స్త్రీలకు కెమెరాలు, సౌరశక్తితో పనిచేసే ముద్రణ యంత్రాలు ఇచ్చి, ఫొటోలు తీయటం వృత్తిగా నేర్పారు.

ఈనాడు వెనుదిరిగి చూస్తే ఏమి కనిపిస్తున్నది? కమతాలు కలిపి చేసే సాగు ఆనవాయితీ కాలేదు. బొట్టు బొట్టుగా నీరిచ్చే గొట్టాలు మాత్రం, 2003లో ప్రారంభమైన సూక్ష్మసేద్యం పథకం సబ్సిడీతో, రాష్ట్రమంతటా వ్యాపించాయి. మదనపల్లె చుట్టుప్రక్కల టమాటా తోటలే అందుకు సాక్ష్యం. పల్లె కంప్యూటరు చేసే పనులలో చాలావాటిని ఇప్పుడు చేతిలోని ఫోను చేస్తున్నది. వీటిలో ఏది నిలుస్తుందో, ఏది పోతుందో ప్రారంభోత్సవం నాడు ఎవరూ చెప్పలేరు. నిలిచినదానిలో కూడా ఒక మెలిక వున్నది. బిందుసేద్యం ఎకరానికి పట్టే నీటిని తగ్గిస్తుంది. మిగిలిన నీటితో మరో ఎకరం సాగుచేస్తే బోరులో నీటిమట్టం పెరగదు. కాబట్టి గొట్టం దగ్గర కొలిస్తే లాభమనిపించినది, వూరి మొత్తం మీద కొలిస్తే లాభం కాకపోవచ్చు.

ప్రదర్శన అనవసరమని దీని భావం కాదు. కంటితో చూడనిదే రైతు నమ్మడు, నమ్మకూడదు కూడా. కాని మంచి భూమిలో, నిపుణుల కనుసన్నలలో, డబ్బుకు లోటు లేకుండా చేస్తే ఒక పని సాధ్యమవుతుందని మాత్రమే ప్రదర్శన చెబుతుంది. మామూలు మనుషుల చేతిలో అది ఎంత ఫలిస్తుందో, అది లేకపోతే ఏమయ్యేదో చెప్పేది పరీక్ష. అటువంటి పరీక్ష ఒకటి ఈ దారి మొదట్లోనే, మదనపల్లెలో జరిగింది. మన పిల్లలలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

మదనపల్లె ప్రక్కన ఆరోగ్యవరంలో క్షయరోగుల కోసం వెలసిన శానటోరియం వున్నది. మన దేశంలో బి.సి.జి. టీకాలు వేయటం 1948లో మదనపల్లెలోనే ఆరంభమైంది. ఆనాటికి అదే రాబోయే కాలపు అద్భుతం. ఐనా ఆరోగ్యవరం వైద్యుడు డాక్టర్ ఫ్రిమోట్-మోలర్, ఆయన సహచరులు టీకా వేసి వూరుకోలేదు. 1950 నుండి చుట్టుప్రక్కల పల్లెల్లో జనాన్ని పరీక్షించి, క్షయక్రిములు ఇంకా సోకనివారిలో కొందరికి టీకా వేశారు, కొందరికి వేయలేదు. తరువాత రెండు వర్గాలలోనూ ఎందరికి జబ్బు వచ్చిందో లెక్కపెట్టారు. ఆ లెక్క 21 సంవత్సరాలు సాగింది.

ఫలితం ఎవరూ కోరుకున్నది కాదు. బ్రిటన్‌లో బడిపిల్లల మీద జరిగిన పరీక్షలో, టీకా వల్ల క్షయ కేసులు నూటికి దాదాపు 80 వంతులు తగ్గాయి. మదనపల్లెలో కనిపించిన రక్షణ దానికంటె చాలా తక్కువ. 1968లో చెంగల్పట్టు ప్రాంతంలో దాదాపు 2,60,000 మందితో మొదలైన మరింత పెద్ద పరీక్ష, పెద్దలలో వచ్చే ఊపిరితిత్తుల క్షయను ఈ టీకా ఆపలేదని తేల్చింది. నేలలోనూ నీటిలోనూ వుండే క్షయక్రిమి జ్ఞాతులు మన శరీరాలకు ముందే పరిచయం కావటం ఇందుకు ఒక కారణమై వుండవచ్చునని శాస్త్రజ్ఞుల ఊహ. పసిపిల్లలకు వచ్చే మెదడుపొర క్షయ వంటి తీవ్రరూపాల నుండి బి.సి.జి. కాపాడుతుంది కాబట్టి పుట్టిన బిడ్డకు దానిని ఇప్పటికీ వేస్తున్నాం. అది దేనికి పనికివస్తుందో, దేనికి రాదో మనకు స్పష్టంగా తెలుసు. ఎం72 అనే కొత్త టీకాను 2024 నుండి ఆఫ్రికా, ఆగ్నేయాసియా దేశాలలో దాదాపు 20,000 మందిపై ఈ విధంగానే పరీక్షిస్తున్నారు. బి.సి.జి. చాలునని భ్రమపడి వుంటే ఆ అన్వేషణ ఇంత దూరం వచ్చేది కాదు.

ఇక పుంగనూరు. మూడడుగుల ఎత్తుండే ఇక్కడి ఆవు లోకప్రసిద్ధం. 2024 జనవరిలో ప్రధానమంత్రి తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టే చిత్రాలు వెలువడిన తరువాత దీనిమీద మోజు మరీ పెరిగింది. దీని పాలలో వెన్న 8 శాతమని ప్రతి వ్యాసమూ చెబుతుంది. ఎన్ని ఆవుల పాలు, ఎన్నాళ్ళు, ఏ మేత మీద కొలిచారు అన్న మాట మాత్రం కనిపించదు. ఇప్పుడు ‘జన్యు చిప్పు పశుసంపదను మార్చివేస్తుంది’ అన్న వార్త దీనికి తోడైంది. హైదరాబాదులోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ 2021లో ‘ఇండిగౌ’ అనే చిప్పును విడుదల చేసిన మాట నిజం. ఆవు రక్తపు చుక్కనుండి 11,496 జన్యుగుర్తులను అది ఒకేసారి చదవగలదు. కాని ఏ గుర్తు ఎక్కువ పాలకు సూచనో చిప్పుకు తెలియదు. అది తెలియాలంటే వేలాది ఆవుల పాలను ఏళ్ళ తరబడి కొలిచి వ్రాసిన పుస్తకం కావాలి. తలలు తక్కువైన పుంగనూరు జాతికి అంత పుస్తకం సమకూరటం కష్టం. జాతిశుద్ధిని గుర్తించటానికి, దగ్గర చుట్టరికం గల పశువులను జతకట్టించకుండా చూడటానికి చిప్పు ఇప్పుడే ఉపకరిస్తుంది. పొట్టితనం ఒక్కటే చూసి దూడలను ఎంచే ఈ రోజుల్లో అది చిన్న మేలు కాదు. పలమనేరులోని పశుపరిశోధనా స్థానం వంటి చోట్ల సాగే ఓపిక గల పనికి చిప్పు తోడు కాగలదే గాని, దాని స్థానాన్ని ఆక్రమించలేదు.

మళ్ళీ కుప్పానికే వద్దాం. అక్కడ 2025 జూలైలో ‘డిజిటల్ నెర్వ్ సెంటర్’ను ప్రారంభించారు. రోగుల ఆరోగ్య వివరాలను ఒకచోట చేర్చి, పల్లె ఆసుపత్రులను దూరాన వున్న నిపుణులతో కలపటం దాని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఇది ఇంకా లేత దశలోనే వున్నది కనుక, కుప్పంలో మునుపు జరగని పనిని ఇప్పుడు చేయవచ్చు. ఇతర మండలాలకు విస్తరించేటప్పుడు కొన్నింటికి ముందు, కొన్నింటికి తరువాత ఇవ్వాలి. రెండుచోట్లా రక్తపుపోటు అదుపులోకి వచ్చినవారెందరో, క్షయ మందులు చివరిదాకా వాడినవారెందరో లెక్క వ్రాయాలి. ఆ లెక్కను, అది ఎట్లావున్నా, ప్రకటించాలి. ఎన్ని వివరాలు నమోదైనాయన్నది అటువంటి లెక్క కాదు.

రేపటి వింతలను గురించి చదివే పాఠకుడు మూడు ప్రశ్నలు దగ్గర పెట్టుకోవాలి. దేనితో పోల్చి చూశారు? ఎంతకాలం చూశారు? తెచ్చినవారు వెళ్ళిపోయాక నడిపేవారెవరు? ఇవి కొత్తదనాన్ని అడ్డుకునే ప్రశ్నలు కావు. ఇటువంటి వాటికి జవాబు కోసమే ఆరోగ్యవరం వైద్యులు 21 ఏళ్ళు పల్లెల చుట్టూ తిరిగారు. నా విద్యార్థికి నేను చివరకు చెప్పినది ఇదే: వింత మీ వూరికి వచ్చిన రోజున ఫొటో తీయి నాయనా, తప్పులేదు. మరునాటినుండి మాత్రం ఒక నోటుపుస్తకం తెరువు.