బంగారం తవ్వేదెవరు?

హాలీవుడ్ చిత్రం అనగానే మనలో చాలామంది ‘పలాయనవాదం’ అని తేల్చి లేచిపోతారు. మెర్విన్ లెరాయ్ దర్శకత్వంలో వార్నర్ బ్రదర్స్ తీసిన ‘గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1933’ విషయంలో ఆ తీర్పు సగమే నిజం. తక్కిన సగం కోసం ఆ చిత్రాన్ని చూడవలసి ఉంది.

మొదటి సన్నివేశం నాటకశాలలో రిహార్సల్. నాణేలే దుస్తులుగా ధరించిన నర్తకులు డబ్బుకిక లోటులేదని పాడుతుంటారు. పాట పూర్తికాకముందే షెరిఫ్ మనుషులు వచ్చిపడి, నాటక యజమాని అప్పుకింద తెరలూ, సామానూ, చివరికి అమ్మాయిల ఒంటిమీది నాణేలూ జప్తు చేసుకుంటారు. ఆర్థిక మాంద్యాన్ని గురించి ఇంత పొదుపైన ఉపన్యాసం నేను వినలేదు.

పనిపోయిన కారొల్, ట్రిక్సీ, పాలీ ఒకేచోట కాపురముంటారు. పక్కింటివాళ్ళ పాలసీసా దొంగిలిస్తేగాని తెల్లవారి గొంతు తడవదు. వీళ్ళ ఆశల్లా ఒక వేషం, వారంవారం జీతం. నిర్మాత బార్నీ మాంద్యం మీదనే నాటకం వేస్తానంటాడు. చేతిలో పైసా లేదు. ఆ డబ్బు తెచ్చేది బ్రాడ్, బోస్టన్ ధనిక కుటుంబం కుర్రవాడు. ఆకలిని గురించిన నాటకానికి సైతం పెట్టుబడి ధనికుడి ఇంటినుంచే రావాలి!

‘గోల్డ్ డిగ్గర్’ అంటే మగవాణ్ణి వలలో వేసుకుని డబ్బు గుంజే ఆడది అని అమెరికా వాడుక. బ్రాడ్ అన్న లారెన్స్ ఆ నిందతోనే వస్తాడు, తమ్ముడు ప్రేమించిన పాలీని డబ్బిచ్చి వదిలించాలని. ఆడదానికి వెల కట్టినవాడు తాను, అమ్ముడుపోయిందన్న పేరు మాత్రం ఆమెకు! కారొల్‌నే పాలీ అని పొరబడి పదివేల డాలర్లకు చెక్కు రాసిస్తాడు. ఆమె దాన్ని మార్చుకోదు, పటం కట్టిస్తుంది.

ఇక్కడినుంచి చిత్రం వెనకడుగు వేస్తుంది. మూలనాటకం ఏవరీ హాప్‌వుడ్‌ది, 1919 నాటిది. ఆ కాలపు పద్ధతినే ఇక్కడా ముగ్గురికీ డబ్బున్న మొగుళ్ళు దొరుకుతారు. కడుపుకు సంబంధించిన చిక్కును కల్యాణంతో విప్పడం మోసమే. ముసలి లాయరును అతని డబ్బు చూసే పట్టిన ట్రిక్సీ మాత్రం ఆ సంగతి దాచదు. ముగ్గురిలో నాకు నచ్చింది ఆవిడే.

అయితే పెళ్ళిళ్ళు కుదిరాక చివరిపాట మిగిలి ఉంది. వీధిలో పోలీసువాడు ఒక దిక్కులేనివాణ్ణి పట్టుకుంటే, కారొల్ అతని కోటు తిప్పి యుద్ధపతకం చూపుతుంది. బస్బీ బర్క్‌లీ కూర్చిన ఆ ఘట్టంలో జయజయధ్వానాల మధ్య యుద్ధానికి పోయిన సైనికులే గాయాలతో తిరిగివచ్చి రొట్టెకోసం వరుస కడతారు. 1932లో బోనస్ అడగడానికి వేలాది మాజీ సైనికులు వాషింగ్టన్ చేరితే, జూలై 28న మెకార్థర్ సైన్యం వారిని బాష్పవాయువుతో తరిమివేసింది. మరుసటేడే ఈ చిత్రం వచ్చింది. నాటి ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ పాటలోనే గొంతు కలిపిన నల్లజాతి గాయని ఎట్టా మోటెన్ పేరు నటుల జాబితాలో వేయలేదు. మరచిపోయినవాళ్ళ పాటలో సైతం ఒకరిని మరచిపోయారు!

పాట ముగియడంతో చిత్రమూ ముగుస్తుంది. కొత్త జంటలవంక కెమెరా మళ్ళీ తిరగదు.