చేపపిల్లకన్నా ముందు దాని తిండి

క్లౌన్ ఫిష్ జంట ఇంట్లో గుడ్లు పెట్టడం పెద్ద విశేషమేమీ కాదు. నీళ్లు నిలకడగా ఉండి, రోజుకు రెండు మూడు పూటలా మంచి తిండి దొరికితే ఆడది గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది, వారం తిరిగేసరికి అవి పిల్లలవుతాయి. కష్టమంతా అక్కణ్ణుంచే. రాత్రి పుట్టిన మూడు నాలుగు మిల్లీమీటర్ల పిల్లకి తెల్లారేసరికి నోట్లో పట్టేంత చిన్నదీ, కదులుతూ ఉండేదీ అయిన ప్రాణి కావాలి. పొడి మేత ఎంత మెత్తగా నూరి వేసినా అది తినదు. ఒక రోజు పస్తుంటే నీరసించిపోతుంది, రెండు రోజులైతే ఇక కోలుకోదు. గుడ్లు కనబడ్డాక తిండి కోసం వెతుక్కుంటే ఆ విడత పోయినట్టే. అందుకే ఈ విద్య తెలిసినవాళ్లు చేపల జంటను కొనేముందే వాటి పిల్లల తిండిని పెంచడం మొదలుపెడతారు.

విశాఖ తీరం నుంచి దాదాపు 115 కిలోమీటర్లు కొండెక్కి వస్తే అరకు. ఎత్తు సుమారు 900 మీటర్లు. ఇక్కడ సముద్రపు చేపల పెంపకమేమిటని అడిగేవాళ్లుంటారు. అక్వేరియం చేపకి సముద్రం పక్కనే ఉండక్కర్లేదు, నీళ్లలో తగినంత ఉప్పుంటే చాలు. తీరానికి దగ్గరలో పట్టిన నీటిలో ఓడల నూనె, ఊరి మురుగు కలిసి ఉండొచ్చు. అందుకని విశాఖలో ఉండే పెంపకందార్లలోనూ చాలామంది ఆర్‌వో నీళ్లలో అక్వేరియం ఉప్పు కలిపే వాడతారు. లీటరుకు 35 గ్రాముల లెక్కన కలిపి, గాలి పెట్టి, ఒక రోజు ఉంచి, రిఫ్రాక్టోమీటర్‌తో చూస్తే సాంద్రత 1.024, 1.025 దగ్గర ఉండాలి. వంటింటి అయోడిన్ ఉప్పుతో ఈ పని జరగదు. సముద్రపు నీటిలో ఉండే కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లు అందులో ఉండవు.

జంటను కలపడంలో మగదేదో ఆడదేదో వెతికే బాధ లేదు. దీని వెనక ఉన్నది ప్రకృతిలోని గొప్ప వింతల్లో ఒకటి. క్లౌన్ ఫిష్ పిల్లలన్నీ మగా కాకుండా ఆడా కాకుండా మొదలవుతాయి. సముద్రంలో ఎనిమోన్ అనే, కుట్టే మీసాలున్న జీవి చాటున కాపురముండే గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది, దాని తర్వాతిది మగది, మిగతావి ఎదగకుండా వరసలో ఎదురు చూస్తాయి. ఆడది చనిపోతే మగది ఆడదిగా మారుతుంది, వరసలో తర్వాతిది మగదవుతుంది. హాన్స్ ఫ్రికె, సిమోన్ ఫ్రికె 1977లో నేచర్ పత్రికలో ఈ సంగతి వివరించారు. ఇంట్లో మనం చేయాల్సిందల్లా ఒకటి కాస్త పెద్దదిగా, ఒకటి చిన్నదిగా ఉండే రెండు పిల్లల్ని ఒకే ట్యాంకులో వేయడమే. మిగతాది అవే తేల్చుకుంటాయి. చిన్నది పెద్దదాని ముందు ఒళ్లంతా వణికిస్తూ తల వంచడం కనబడిందంటే జంట కుదిరినట్టు. రెండూ పెద్దవే అయితే మాత్రం కొట్టుకు చస్తాయి. పిల్లలుగా కొన్నవి గుడ్లకు రావడానికి ఏడాది పైనే పడుతుంది. తొందరపడేవాళ్లకి ఇది పనికొచ్చే విద్య కాదు.

ఎనిమోన్ లేకుండా ఇవి బతకవని ఒక అపోహ ఉంది. సముద్రంలో అది నిజమే, అక్కడ ఎనిమోన్ చాటు లేని క్లౌన్ ఫిష్‌ని పెద్ద చేపలు మింగేస్తాయి. ట్యాంకులో మింగేవాళ్లెవరూ లేరు. ఎనిమోన్‌ని బతికించడం చేపను బతికించడంకన్నా కష్టం, దానికి బలమైన వెలుతురు కావాలి, అది చస్తే ట్యాంకు నీళ్లన్నీ విషమవుతాయి. సంతలో దొరికే రంగు వేయని చిన్న మట్టికుండను నాలుగు రోజులు నానబెట్టి పక్కకి వాలిస్తే జంట దాన్నే ఇల్లు చేసుకుంటుంది. ఇటుకరంగు పెంకు ఒకటి ఆనించి పెట్టినా సరే. బయటికి తీయడానికి పెంకే సులువు.

గుడ్లు పెట్టే రోజు దగ్గరపడితే మగది పెంకుని నోటితో కొరికి కొరికి శుభ్రం చేస్తుంది. ఆడదాని పొట్ట కింద తెల్లటి చిన్న గొట్టం బయటికొస్తుంది. మధ్యాహ్నమో సాయంత్రమో ఆడది పొట్టను పెంకుకి ఆనించి నెమ్మదిగా జరుగుతూ ఒక్కో వరస గుడ్లు అంటిస్తుంటే, వెనకే మగది అదే దారిలో జరుగుతుంది. గంటో రెండు గంటలో పడుతుంది. జంట వయసును బట్టి వందా రెండు వందల నుంచి వెయ్యి దాకా ఉంటాయి. మొదటి విడతను తల్లిదండ్రులే తినేయడం మామూలే. రెండు వారాలు తిరక్కుండానే మళ్లీ పెడతాయి కాబట్టి దానికి బాధపడక్కర్లేదు.

గుడ్లను భూతద్దంతో రోజూ చూడాలి. మొదటిరోజు నారింజరంగు మెతుకుల్లా ఉంటాయి. మూడో రోజుకి మట్టిరంగుకి మారి, గుడ్డు లోపల నల్లటి చుక్కలు రెండు కనిపిస్తాయి, అవే కళ్లు. ఆరో రోజుకి గుడ్డంతా కళ్లే అన్నట్టుంటుంది. టార్చి వెలుగు పక్క నుంచి పడితే ఆ కళ్లు వెండిలా మెరుస్తాయి. ఆ వెండి మెరుపు వచ్చిందంటే ఆ రాత్రికో మరుసటి రాత్రికో పిల్లలు బయటికొస్తాయి. ఇంతకాలమూ మగది ఆగకుండా రెక్కలతో నీళ్లు విసురుతూనే ఉంటుంది, తెల్లబడి చెడిన గుడ్లను ఏరి తినేస్తుంది. ఆ కాపలాలో మన వేలు పెడితే వేలినే కొరుకుతుంది.

మన చెరువుల్లో కొర్రమీను సంగతి తెలిసినవాళ్లకి ఇక్కడ ఒక తేడా కనిపిస్తుంది. పిల్లలు బయటికొచ్చాక కూడా కొర్రమీను వాటిని వదలదు. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే కింద పెద్ద చేప ఉంటుంది. క్లౌన్ ఫిష్ కాపలా గుడ్డుతోనే సరి. పిల్ల బయటపడిన క్షణం నుంచి అది సముద్రం పాలు, ట్యాంకులో అయితే తల్లిదండ్రుల నోటి పాలు. అందుకే వెండి మెరుపు చూసిన సాయంత్రం పెంకును తీసి వేరే తొట్టెలోకి మార్చాలి. తండ్రి రెక్కలకు బదులు ఎయిర్ స్టోన్ ఉండాలి, బుడగలు పెంకు పక్కనుంచి నీళ్లు కదిపేటట్టు, గుడ్లకు నేరుగా తగలకుండా పెట్టాలి. తర్వాత గది పూర్తిగా చీకటి చేయాలి. దీపం ఆర్పిన ఒకటి రెండు గంటల్లో పిల్లలు బయటికొస్తాయి. ఆత్రం పట్టలేక మధ్యలో లైటు వేసి చూస్తే పిల్లలు రావడం ఆగిపోతుంది.

పిల్లల తొట్టె ఇరవై, ముప్పై లీటర్లు ఉంటే చాలు. అడుగున ఇసుక వద్దు. నీళ్లు తల్లిదండ్రుల ట్యాంకు నుంచే తీయాలి. నాలుగు పక్కలా నల్లకాగితం అంటించాలి, లేదంటే పిల్లలు అద్దం మీది వెలుతురుకేసి ముక్కులు కొట్టుకుని చస్తాయి. పై నుంచి మాత్రం మసక వెలుతురు ఉండాలి, చీకటైతే తిండి కనబడదు.

ఆ తిండి పేరు రోటిఫర్. కంటికి ధూళిరేణువులా కనిపించే ఈ జీవి మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. జపాన్‌లో ఈల్ చేపల చెరువులకి ఇది ఒకప్పుడు తెగులు, చెరువు పాడవడానికి కారణమయ్యేది. 1960లో తకాషి ఇటో దాన్ని సముద్రచేపల పిల్లలకి మేతగా వాడొచ్చని చూపించాడు. ప్రపంచంలోని సముద్రచేపల హేచరీల్లో చాలామటుకు ఆ తెగులు మీదే నిలబడ్డాయంటే అతిశయోక్తి కాదు. 1970ల మొదట్లో ఫ్లోరిడాలో మార్టిన్ మో క్లౌన్ ఫిష్‌ను వ్యాపారానికి సరిపడా పెంచి చూపించాడు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విళింజం, మండపం కేంద్రాల్లో ఈ చేపల ప్రజననాన్ని సాధించింది. మన్నార్ సింధుశాఖలో దొరికే సెబే రకం కూడా అందులో ఉంది. అదే సంస్థ విశాఖ కేంద్రం గ్రూపర్, ఇండియన్ పాంపనో పిల్లలను పెంచే పనిలో ఉంది. చేప ఏదైనా మొదటి వారం సమస్య ఒకటే, పిల్ల నోటికి సరిపడే తిండి.

ఇంట్లో రోటిఫర్లను పెంచడానికి రెండు మూడు లీటర్ల పెద్ద సీసాలు చాలు. నీళ్లు సముద్రపు నీళ్లకన్నా కాస్త తక్కువ ఉప్పగా ఉండాలి. మేతగా నానోక్లోరాప్సిస్ అనే ఆకుపచ్చ ఆల్గే వేయాలి, దుకాణాల్లో చిక్కటి ద్రావణంగా దొరుకుతుంది. సీసాలో నీళ్లు లేత ఆకుపచ్చగా ఉండాలి. ఆ పచ్చదనం పోయి నీళ్లు తేటపడితే రోటిఫర్లకు ఆకలి అని అర్థం. అన్నీ ఆడవే, మగదాని అవసరం లేకుండానే పిల్లల్ని పెడతాయి, మంచి వేడిలో రోజుకి రెట్టింపు అవుతాయి. పెరుగుకి తోడు ఉంచుకున్నట్టే, రోజూ పావు వంతు తీసుకుని మిగతాది ఉంచాలి, తీసినంత మేరకు కొత్త ఉప్పునీళ్లు పోయాలి. తీసిన భాగాన్ని చాలా సన్నటి వల గుడ్డలో వడకట్టి, శుభ్రమైన ఉప్పునీటితో కడిగి పిల్లలకి వేయాలి. వడకట్టకుండా పోస్తే రోటిఫర్లతో పాటు వాటి మురికి, అమ్మోనియా కూడా పిల్లల తొట్టెలోకి పోతాయి. పిల్లల్ని చంపేది ఎక్కువగా ఆ అమ్మోనియాయే. రోటిఫర్ సీసా ఒక్కటే ఉండకూడదు. ఒకదాన్ని ఇంట్లో ఒక గదిలో, రెండోదాన్ని వేరే గదిలో ఉంచాలి, ఒకటి చెడినా రెండోది మిగులుతుంది.

పిల్లలు బయటికొచ్చిన మర్నాడు తెల్లవారేసరికే తొట్టెలో మిల్లీలీటరుకు ఐదు నుంచి పది రోటిఫర్లు ఉండేటట్టు చూడాలి. చిన్న గాజు గ్లాసులో నీళ్లు పట్టి టార్చి వెలుగు పెడితే తెల్లటి చుక్కలు గిరగిరా తిరుగుతూ కనిపిస్తాయి. పిల్ల వేటాడటం చూడదగ్గ దృశ్యం. పారదర్శకమైన ఒళ్లు, రెండు పెద్ద కళ్లు. ఒక రోటిఫర్‌ని చూడగానే ఒళ్లు ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంచి, ఒక్కసారి ముందుకు దూకుతుంది. పొట్ట నిండితే ఆ పారదర్శకమైన ఒంట్లో తెల్లటి మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ కనిపించని పిల్లల సంఖ్య పెరిగితే సాయంత్రానికే ఏదో ఒకటి సరిచేయాలి.

ఐదారు రోజులు గడిచాక ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవిని మేతగా మొదలుపెట్టాలి. ఎండిన గుడ్ల రూపంలో డబ్బాల్లో అమ్ముతారు. ఉప్పునీళ్లలో గాలి పెట్టి ఒక రోజు ఉంచితే పిల్లలవుతాయి. పిల్లలైన కొద్దిగంటల్లోనే వాడేయాలి, ఆలస్యమైతే వాటిలో పోషకం తగ్గిపోతుంది. తేలే పెంకులు వేరుచేయాలి. ఆర్టీమియా తిన్న పిల్ల పొట్ట నారింజరంగుకి మారుతుంది, అది చూస్తే ప్రాణం కుదుటపడుతుంది.

పదో రోజు ప్రాంతంలో రెండో గండం. అప్పటిదాకా నీటి మధ్యన తేలుతున్న పిల్లలు అడుగుకి, గోడల దగ్గరికి చేరతాయి. కంటి వెనక మొదటి తెల్లగీత కనిపిస్తుంది, తర్వాత నడుము మీద రెండోది. ఈ మార్పు సమయంలో బలహీనమైనవి ఒక కుదుపుకే, వెలుతురు హఠాత్తుగా పడ్డా, ప్రాణం వదిలేస్తాయి. కారణం ఆ రోజు జరిగినది కాదు, మొదటి వారం తిన్న తిండి. ఈస్టు మేపిన రోటిఫర్లలో డీహెచ్‌ఏ అనే కొవ్వు ఆమ్లం తక్కువ, దాని లోటు పది రోజుల తర్వాత బయటపడుతుంది. అందుకే ఈస్టు చవక అని దానికి పోవద్దంటాను.

కొండ మీద ఈ పనికి అదనంగా ఒక శత్రువుంది, చలి. డిసెంబరు, జనవరిల్లో అరకులో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకి దిగుతుంది. చింతపల్లి వైపు లంబసింగిలో చలి ఇంకా ఎక్కువ. ఈ చేపలకి 26 నుంచి 28 డిగ్రీల నీళ్లు కావాలి. ఒక పెద్ద హీటరు కన్నా రెండు చిన్న హీటర్లు మేలు. ఒకటి ఆగిపోతే రెండోది ఆదుకుంటుంది, ఒకటి ఆరకుండా పనిచేసినా నీళ్లు ఉడికిపోవు. ట్యాంకు మూడు వైపులా థర్మోకోల్ షీట్లు అంటించాలి. కరెంటు పోయినప్పుడు చలికన్నా ముందు గాలి లేకపోవడమే ప్రమాదం, అందుకని బ్యాటరీ ఎయిర్ పంపు అందుబాటులో ఉండాలి. గాలివానల్లో ఘాట్ మీద తీగలు తెగితే కరెంటు వచ్చేది ఎప్పుడో చెప్పలేం. చలికాలంలో రోటిఫర్లు కూడా మందకొడిగా పెరుగుతాయి. వాటికీ వెచ్చదనం ఏర్పాటు చేయలేకపోతే ఆ రెండు నెలలూ గుడ్లను తల్లిదండ్రులకే వదిలేసి, శివరాత్రి వెళ్లాక మొదలుపెట్టడం నయం. పెట్టిన ప్రతి విడతనీ పెంచి తీరాలనుకోవడం మనిషికీ చేపకీ మంచిది కాదు.

ఇంత శ్రమ ఎందుకంటే నా దగ్గర జవాబుంది. దుకాణాల్లో దొరికే సముద్రపు అక్వేరియం చేపల్లో ఎక్కువ రకాలు ఇప్పటికీ సముద్రంలో పట్టినవే. ఆగ్నేయాసియా పగడపు దిబ్బల్లో చేపల్ని మగతపరచడానికి సయనైడ్ చల్లిన చరిత్ర ఉంది, అది పగడాలనూ చంపుతుంది. క్లౌన్ ఫిష్ విషయంలో ఇంకో సంగతి కూడా ఉంది. పపువా న్యూగినీలోని కింబె దీవి దగ్గర పెర్క్యులా రకం మీద జరిగిన పరిశోధన 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. అక్కడ కొత్తగా స్థిరపడ్డ పిల్లల్లో దాదాపు 60 శాతం ఆ దీవిలోని తల్లిదండ్రులకే పుట్టినవి. అంటే ఒక దిబ్బను ఖాళీ చేస్తే మరోచోటి నుంచి వచ్చి నిండుతుందన్న భరోసా లేదు. ఈ రకం ముప్పై ఏళ్ల దాకా బతకగలదని శాస్త్రవేత్తలు అంచనా వేశారు. అంతకాలం గుడ్లు పెట్టగల ఒక జంటను పట్టి సంచిలో కట్టి అమ్మడం ఎంత నష్టమో లెక్క వేసుకోవచ్చు. ఇళ్లలో పుట్టిన పిల్ల ఆ దిబ్బ మీది భారాన్ని కొంతైనా తగ్గిస్తుంది. అది అద్దానికీ, మేతకీ పుట్టుకతోనే అలవాటు పడి ఉంటుంది, రోగాలు కూడా తక్కువ. నవీముంబయి దగ్గర ఐరోలిలో హేచరీలో పొదిగించిన పిల్లల్ని తీరగ్రామాల వాళ్లకిచ్చి పెంచించే పని జరుగుతోంది. ఇంటి విద్య బతుకుదెరువు కూడా కాగలదని అక్కడ తెలుస్తుంది.

తెల్ల గీతలు చెదిరిపోయిన, మచ్చలు అల్లుకున్న రకరకాల కొత్త రూపాలను ఎక్కువ ధరకి అమ్మే మోజు ఇప్పుడు ఉంది. నాకు మాత్రం సముద్రం ఇచ్చిన మూడు గీతల చేపే ఇష్టం. పగడపు రాళ్లు అమ్ముతామని ఎవరైనా అంటే కొనవద్దు, మన దేశంలో దిబ్బలు కట్టే పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది.

మూడో నెలకి పిల్లలు అంగుళం దాటుతాయి, ఇతరులకి ఇవ్వొచ్చు. అరకు నుంచి కిందికి పంపేటప్పుడు ముందురోజు మేత వేయకూడదు. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి, దాన్ని థర్మోకోల్ పెట్టెలో పెట్టి మూత బిగించాలి. అనంతగిరి మలుపుల్లో బస్సు కుదుపులకన్నా వాటిని ఇబ్బంది పెట్టేది వేడి తేడా. కింద దిగాక తీసుకున్నవాళ్లు సంచిని వాళ్ల ట్యాంకు నీళ్ల మీద అరగంట తేలనివ్వాలి. తర్వాత వాళ్ల నీళ్లను సంచిలోకి చుక్కలు చుక్కలుగా కలుపుతూ పోవాలి. చివర్లో పిల్లల్ని వలతో ఎత్తి ట్యాంకులో వదిలి, సంచిలో మిగిలిన నీళ్లను బయట పారబోయాలి.