‘వనవాసి’ నవలలో వన నిర్వహణ: పట్టా, ప్రార్థన, హక్కు

ప్రవేశిక

బిభూతిభూషణ్ బందోపాధ్యాయ (1894–1950) రచించిన బెంగాలీ నవల ‘ఆరణ్యక్’ 1939లో గ్రంథరూపంలో వెలువడింది. సూరంపూడి సీతారాం అనువాదంతో అది ‘వనవాసి’గా తెలుగు పాఠకులకు చేరింది. ఈ నవలను ప్రకృతి వర్ణనకు నిదర్శనంగా చదవడం పరిపాటి. వెన్నెల రాత్రులు, సరస్వతీ కుండి తీరం, గుర్రంపై ఒంటరి ప్రయాణాలు మనసులో నిలిచిపోతాయి గనుక ఆ పఠనం సహజమే. అయితే కథకుడు సత్యచరణ్ అడవికి వచ్చింది ఉద్యోగం కోసం. జమీందారీ ఎస్టేటు మేనేజరుగా అడవి నేలను రైతులకు బందోబస్తు చేసి, సలామీని, శిస్తును రాబట్టడం అతని విధి. అడవిని ఆరాధనతో వర్ణించిన చేతితోనే అతడు పట్టాలు రాసిస్తాడు. ఈ వైరుధ్యాన్ని ఒక వ్యక్తి పశ్చాత్తాపంగా మాత్రమే చూస్తే నవల సగమే అర్థమవుతుంది. అడవిని ఎవరు, ఎవరికోసం, ఏ అధికారంతో నిర్వహించాలన్న ప్రశ్న దాని కేంద్రంలో ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

శీర్షికలోని మార్పు

‘ఆరణ్యక్’ అంటే అరణ్యానికి సంబంధించినది. వేదవాఙ్మయంలోని ఆరణ్యకాలను కూడా ఆ మాట స్ఫురింపజేస్తుంది. ‘వనవాసి’ అనగానే దృష్టి అడవి నుంచి అడవిలో ఉండే మనిషి మీదికి మళ్లుతుంది. ఆ మనిషి ఎవరు? తెలుగువారికి వనవాసమంటే ముందుగా తోచేది రాముని కథ, అంటే గడువు తీరగానే నగరానికి తిరిగి వెళ్లే నివాసం. సత్యచరణ్ సరిగ్గా ఆ కోవకు చెందినవాడు. ఉద్యోగం ముగియగానే కలకత్తాకు చేరి, అక్కడి నుంచి గతాన్ని స్మరిస్తూ కథ చెబుతాడు. సంతాల్ వృద్ధ రాజు దోబ్రూ పన్నాకు, ఆయన వంశంలోని భానుమతికి అలాంటి గడువు లేదు. తిరిగి వెళ్లడానికి వారికి మరో చోటూ లేదు. ఒకే శీర్షిక ఈ ఇద్దరికీ వర్తించడం వల్ల తెలుగు నవల మూలంలో లేని ఒక ప్రశ్నను తలకెత్తుకుంది. ‘ఆదివాసి’ అనాలా, ‘వనవాసి’ అనాలా అన్నది నేడు రాజకీయ వివాదం కూడా కావడంతో ఆ ప్రశ్న మరింత పదునెక్కింది.

అడవికి ముందున్న పొలం

నవల ఆరంభంలోనే ఉన్నా, వర్ణనల ఒరవడిలో మరుగున పడే వాస్తవం ఒకటి ఉంది. ఈ ప్రాంతమంతా అనాది అరణ్యం కాదు. ఇందులోని నేల ఒకప్పుడు సాగులో ఉండి, గంగ కోతకు గురై, కొన్నేళ్లకు మళ్లీ బయటపడింది. కోతలో భూమి పోగొట్టుకున్న పాత రైతులు తమ నేల తమకిమ్మని మొరపెట్టుకున్నా జమీందారు ఒప్పుకోడు. కొత్తవారికిస్తే పెద్ద సలామీ, హెచ్చు శిస్తు వస్తాయి. కాబట్టి సత్యచరణ్ కళ్లకు నిర్జన సౌందర్యంగా కనిపించిన చోటు హక్కుదారులను దూరంగా ఉంచడం వల్ల నిర్జనంగా మిగిలింది. అడవి నరికివేతకు పరితపించిన కథకుడు ఈ తొలి అన్యాయం పట్ల అంతటి వేదన చూపడు. నవలలోని ముఖ్యమైన మౌనం ఇదే. మనుషుల చరిత్రను తుడిచివేసి అడవిని ‘సహజ భూమి’గా భావించడం సంరక్షణ వాదానికి ఇప్పటికీ ఉన్న బలహీనత.

నాలుగు నిర్వహణలు

నవలలో అడవిపట్ల నాలుగు రకాల నిర్వహణ కనిపిస్తుంది. మొదటిది ఎస్టేటు పద్ధతి. దాని దృష్టిలో చెట్టు నేలకు అడ్డు, నేల శిస్తుకు ఆధారం. రెండవది పొరుగున ఉన్న మోహన్‌పురా రిజర్వు అడవి. అక్కడ చెట్టు నిలుస్తుంది గాని, అధికారం ప్రభుత్వానిది. మూడవది యుగళప్రసాద్ చేసే పని. దూరప్రాంతాల నుంచి విత్తనాలు, తీగలు తెచ్చి, తనది కాని నేలలో ఎవరి మెప్పూ కోరకుండా నాటుతాడు. అతని నిస్వార్థత నవలకు వెలుగు. అయినా ఈ పనిని పరిరక్షణ అనడానికి పర్యావరణ దృష్టి వెంటనే అంగీకరించదు. బయటి జాతులను తెచ్చి అడవిని అలంకరించడం, ఉన్న అడవిని ఉన్నట్టు నిలపడం వేరువేరు పనులు.

నాలుగవది విశ్వాసంలో ఉంది. అడవి దున్నల దేవుడు టాండ్‌బారో, వేటగాళ్లు తవ్విన గోతుల దగ్గర నిలబడి చేయెత్తి మందను ఆపుతాడని అక్కడివారు చెబుతారు. దీనిని జానపద విశేషంగా వదిలివేయడానికి వీల్లేదు. వేటకు హద్దు ఉండాలన్న నియమం ఇక్కడ దైవరూపం ధరించింది. కలకత్తా వీధిలో బండివాడు దున్నను కొడుతుంటే సత్యచరణ్‌కు టాండ్‌బారో గుర్తుకు వస్తాడు. ఆ దేవుడి చేయి నగరం దాకా చాపలేదన్నదే ఆ ఘట్టంలోని విషాదం. దోబ్రూ పన్నా పశువులు కాస్తూ బతికే రాజు. ఆయన జాతికి విశ్వాసం మిగిలింది, దానిని అమలుపరిచే అధికారం మిగలలేదు.

ఆకలి అనే ప్రతివాదం

అడవిని కొట్టడం తప్పని తీర్పు చెప్పడం తేలిక. నవల ఆ తేలికైన దారిని పట్టదు. గడ్డి గింజలు తిని కడుపు నింపుకునే గంగోతాలు, ఆశ్రయం లేని కుంత ఇందులో ఉన్నారు. కుంతకు భూమి ఇప్పించడం కథకుడు చేసిన మంచి పనుల్లో ఒకటి. ఆ భూమి కూడా ఎస్టేటు పంపకంలోదే. మరోవైపు రాజు పాండే తనకిచ్చిన నేలలో అడవి కొట్టకుండా చాలాకాలం పూజలోనూ చదువులోనూ గడుపుతాడు. ఈ పాత్రలను పక్కపక్కన ఉంచితే, అడవికి ముప్పు పేదవాడి గొడ్డలి కన్నా సలామీ లెక్కల నుంచి ఎక్కువగా వచ్చిందని స్పష్టమవుతుంది. సరస్వతీ కుండిని పంపకం నుంచి వీలైనంత కాలం తప్పించాలని సత్యచరణ్ చేసే ప్రయత్నం నిజాయితీ గలదే. అది మేనేజరు దయ మీద ఆధారపడినది. మేనేజరు మారితే రక్షణా మారుతుంది.

తెలుగు నేలపై ఈ పఠనం

రచయిత స్వయంగా 1924 నుంచి భాగల్పూర్ ప్రాంతంలో ఎస్టేటు ఉద్యోగం చేశాడు. సరిగ్గా 1922–24 మధ్య మన్యంలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన తిరుగుబాటు నడిచింది. 1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద, అటవీ వనరుల మీద విధించిన ఆంక్షలు దానికి ప్రధాన నేపథ్యం. నవల వెలువడిన మరుసటి ఏడు, 1940లో, నిజాం రాజ్యంలోని జోడేఘాట్‌లో కొమురం భీం నేలకొరిగాడు. భాగల్పూర్‌లో జమీందారీ అధికారం అడవిని కొట్టించింది. మన్యంలో ప్రభుత్వ చట్టం అడవిని మూసివేసింది. ఉద్దేశాలు ఎదురెదురుగా ఉన్నా, నిర్ణయించే స్థానం నుంచి అడవి మనిషిని తప్పించడంలో రెండూ ఒకటే. 2006 అటవీ హక్కుల గుర్తింపు చట్టం సాగుభూమి హక్కుతో పాటు, సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కును కూడా గుర్తించింది. టాండ్‌బారో చేతికి శాసనబలం చేకూర్చే అవకాశం ఆ నిబంధనలో ఉంది.

ముగింపు

తన చేతుల మీదుగా నశించిన అడవి కోసం సత్యచరణ్ వనదేవతలను క్షమాపణ వేడుకుంటాడు. ఆ ప్రార్థనలోని ఆర్తిని శంకించనవసరం లేదు. కాని అది దేవతలను ఉద్దేశించినది. గంగ కోతలో నేల పోగొట్టుకున్న రైతులకు, పశువులు కాస్తున్న రాజుకు అందులో చోటు లేదు. ‘వనవాసి’ అన్న తెలుగు శీర్షిక ఆ లోపాన్ని వెలుగులోకి తెస్తుంది. అడవి సౌందర్యాన్ని ప్రేమించినవాడు అడవిని కాపాడలేకపోవడానికి ప్రేమ చాలకపోవడం కారణం కాదు. అడవిలో నివసించేవారికి దాని నిర్వహణలో భాగం లేకపోవడమే కారణం. తెలుగులో అటవీ సాహిత్య విమర్శ వర్ణన నుంచి ఈ అధికార ప్రశ్న వైపు సాగితే, ఈ అనువాద నవల అందుకు బలమైన ఆధారంగా నిలుస్తుంది.