ఏడు వేళ్ల లారీ

పండిన ద్రాక్ష ఆగదు. వేళకు కోయకపోతే గుత్తి తీగ మీదే కుళ్లిపోతుంది. ఫిలిపినో కూలీల నాయకుడు లారీ ఇట్లియాంగ్ నేర్పు తెలియాలంటే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఆయన ఫిలిప్పీన్స్‌లోని పంగసినాన్ నుంచి 1929లో పదిహేనేళ్ల వయసులో అమెరికా చేరాడు. లాయరు కావాలని కోరిక. చదివింది ఆరో తరగతి. మరుసటి ఏడే వాషింగ్టన్ రాష్ట్రంలో లెట్యూస్ కూలీల సమ్మెలో దిగాడు. తర్వాత అలాస్కా చేపల ఫ్యాక్టరీలు, కాలిఫోర్నియా పొలాలు. పనిలో మూడు వేళ్లు పోయి, ‘ఏడు వేళ్లు’ అన్న పేరు మిగిలింది.

అసలు పనితనం 1965లో కనిపిస్తుంది. మెక్సికో నుంచి ఒప్పంద కూలీలను తెచ్చే పథకం అంతకు ముందు ఏడాదే ఆగిపోయింది. కాలిఫోర్నియాలో ద్రాక్ష ముందుగా పండేది ఎడారి వేడి ఉండే కోచెల్లాలో. మే నెలలో అక్కడ సమ్మె కట్టి గంటకు 1.40 డాలర్ల కూలి సాధించారు. కోత ఉత్తరాదికి జరిగి డెలానో చేరేసరికి, అదే పనికి ఆ కూలి ఇవ్వబోమన్నారు యజమానులు. సెప్టెంబరు 8న లారీ యూనియన్‌లోని వెయ్యిమందికి పైగా ఫిలిపినోలు పని మానేశారు.

వాళ్లలో చాలామంది ముసలివాళ్లు. ‘మనొంగ్’ అని పిలిచేవారు, అంటే అన్న. ఫిలిపినోలు తెల్లజాతి స్త్రీలను పెళ్లాడకూడదన్న చట్టం కాలిఫోర్నియాలో 1948 దాకా ఉండేది. తమ దేశపు ఆడవాళ్లు వచ్చిందీ తక్కువే. ఎందరో ఒంటరిగా కూలీల క్యాంపుల్లోనే ముసలివాళ్లయ్యారు. సమ్మె మొదలవగానే ఆ క్యాంపులకు నీళ్లు, కరెంటు కట్!

ఫిలిపినోలు మానేస్తే మెక్సికన్లను దించడం, మెక్సికన్లు మానేస్తే ఫిలిపినోలను దించడం యజమానుల పాత ఎత్తు. దాన్ని ఎన్నోసార్లు చూసినవాడు గనకే లారీ నేరుగా మెక్సికన్ కూలీల యూనియన్ నాయకుడు సీజర్ చావెజ్ దగ్గరికి వెళ్లాడు. మా యూనియన్ సిద్ధం కావడానికి ఇంకా రెండు మూడేళ్లు కావాలన్నది చావెజ్ లెక్క. ద్రాక్ష అన్నాళ్లు ఆగుతుందా? సెప్టెంబరు 16న మెక్సికన్లు ఓటు వేసి సమ్మెలో కలిశారు. నన్నడిగితే, పోటీ యూనియన్ గడప తొక్కిన ఆ అడుగే ఆయన పనిలో మేలిమి. అయిదేళ్ల సమ్మె, ద్రాక్ష బహిష్కారం తర్వాత 1970 జులైలో డెలానో యజమానులు సంతకాలు పెట్టారు.

రెండు యూనియన్లూ కలిసి ఒక్కటైన యూనియన్‌లో తన మాట చెల్లక, మనొంగ్‌ల గోడు వినేవాళ్లు లేక 1971లో ఆయన బయటికొచ్చాడు. ఆ వృద్ధుల కోసం తలపెట్టిన అగ్బయాని విలేజ్ 1974లో డెలానోలో తలుపులు తెరిచింది. దానికి పెట్టింది పికెటింగ్‌లో గుండె ఆగి చనిపోయిన ఒక మనొంగ్ పేరు.