తెర మీది నేరం, సోఫాలో తీర్పు

ఒక శనివారం రాత్రి మన సభ్యులలో ఒకరి ఇంట్లో భోజనాలయ్యాక జరిగిన సంగతితో మొదలుపెడతాము. పులిహోర, పెరుగన్నం ముగిశాక ఎవరో టెలివిజన్ పెట్టారు. నిజంగా జరిగిన ఒక హత్య మీద తీసిన డాక్యుమెంటరీ వస్తోంది. పదిమందిమి కూర్చున్నాము. రెండు భాగాలు పూర్తయ్యేసరికి ఆరుగురు "భర్తే చంపాడు" అన్నారు. ముగ్గురు కాదన్నారు. పదో ఆయన నిద్రపోయారు. అర్ధరాత్రి దాటేదాకా వాదన సాగింది. చెప్పులు వేసుకుంటూ ఉండగా ఇంటావిడ నెమ్మదిగా అడిగారు: "ఇంతకీ చచ్చిపోయిన ఆ అమ్మాయి పేరేమిటండీ?"

మాలో ఒక్కరికీ గుర్తు లేదు.

ఆ ప్రశ్న మమ్మల్ని వదలలేదు. అందుకే ఈ వ్యాసం. ఈ రకం డాక్యుమెంటరీలను దుమ్మెత్తిపొయ్యడం మా ఉద్దేశం కాదు. మేమూ చూస్తాము, ఇష్టంగానే చూస్తాము. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను పాఠ్యపుస్తకాల మధ్య దాచుకుని చదివిన వాళ్ళం. ఆ రుచి సముద్రం దాటినంత మాత్రాన పోతుందా? కాని యుగంధర్ పట్టుకున్న హంతకుడు కాగితం మీది మనిషి. పుస్తకం మూసేస్తే అతని కథ అంతటితో సరి. ఈ డాక్యుమెంటరీలో కనిపించే మనిషికి మాత్రం మనం టెలివిజన్ కట్టేశాక కూడా జైలు గది ఉంటుంది, తల్లి ఉంటుంది, అప్పీలు ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది.

ఈ ప్రక్రియ ఎంత మేలు చెయ్యగలదో తెలియాలంటే ఎరల్ మారిస్ 1988లో తీసిన 'ద థిన్ బ్లూ లైన్' చూడాలి. 1976 నవంబరులో టెక్సస్‌లోని డల్లస్ నగరంలో హెడ్‌లైట్లు లేకుండా పోతున్న ఒక కారును రాబర్ట్ వుడ్ అనే పోలీసు అధికారి ఆపాడు. కారులోని మనిషి అతన్ని కాల్చి చంపి పారిపోయాడు. ఆ కారు దొంగిలించి తెచ్చింది డేవిడ్ హారిస్ అనే పదహారేళ్ళ కుర్రవాడు. అంతకుముందు పెట్రోలు అయిపోయి రోడ్డు మీద నడుస్తున్న రాండల్ ఆడమ్స్ అనే ఒహాయో మనిషిని అతను కారెక్కించుకున్నాడు. కాల్చింది ఆడమ్సేనని హారిస్ సాక్ష్యం చెప్పాడు. ఆ దారిన పోతూ చూశామన్నవారు కూడా అదే మాట అన్నారు. 1977లో జ్యూరీ ఆడమ్స్‌ను దోషి అంది. మరణశిక్ష పడింది. 1979 మేలో, ఇక మూడు రోజులకు మరణశిక్ష అమలు అనగా, సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆపారు. 1980లో సుప్రీంకోర్టు మరణశిక్షను కొట్టేసింది. ఆ తరువాత అది యావజ్జీవ శిక్షగా మారింది.

మారిస్ టెక్సస్ వెళ్ళింది ఆడమ్స్ కోసం కాదు. మరణశిక్ష కేసులలో "ఈ మనిషిని వదిలితే మళ్ళీ చంపుతాడు" అని ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పి పేరుపడ్డ ఒక మానసిక వైద్యుడి మీద సినిమా తీయాలని వెళ్ళాడు. ఆ పనిలో జైళ్ళు తిరుగుతూ ఉండగా ఆడమ్స్ తటస్థపడ్డాడు. మారిస్ కొంతకాలం ప్రైవేటు డిటెక్టివ్ ఉద్యోగం చేసినవాడు. కాగితాలు తిరగేశాడు, సాక్షులను వెతికి పట్టుకున్నాడు, వారిని తమ మాటల్లోనే మాట్లాడనిచ్చాడు. ఆ మాటలు వింటూ ఉంటే సాక్ష్యం ఎంత బోలుగా ఉందో ఎవరూ వేలెత్తి చూపకుండానే మనకు అర్థమవుతుంది.

ఈ సినిమాలో విమర్శకుడు గమనించవలసిన విశేషం ఒకటుంది. కాల్పుల దృశ్యాన్ని నటులతో మళ్ళీ మళ్ళీ చూపిస్తారు. ఒక సాక్షి చెప్పినట్టు ఒకసారి, ఇంకొకరు చెప్పినట్టు ఇంకొకసారి. ప్రతిసారీ ఏదో ఒక వివరం మారుతుంది. ఇదిగో, అసలు జరిగింది ఇదీ అని మాత్రం ఒక్కసారీ చూపించరు. అంటే ఆ నటన నిజానికి బొమ్మ కట్టడం కాదు, అబద్ధాలకు బొమ్మ కట్టి వాటి అతుకులు చూపడం. కంటితో చూసిందీ చెవితో విన్నదీ కూడా విచారించి గాని నమ్మకూడదని మన పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానం మేము చూడలేదు. ఆఖరున హారిస్‌తో జరిపిన సంభాషణ వేళకు కెమెరా చెడిపోయింది. ఉన్నది టేపు రికార్డరు ఒక్కటే. తెర మీద ఆ రికార్డరు మాత్రమే కనిపిస్తుంది. ఆడమ్స్ నిర్దోషి అని తనకు తెలుసనీ, తెలిసినవాడు తానేననీ హారిస్ గొంతు చెబుతుంది. సంగీతమూ కన్నీళ్ళూ కురిపించిన ఏ ముగింపూ దీనికి సాటిరాదు.

1989 మార్చిలో టెక్సస్ పై కోర్టు శిక్షను రద్దు చేసింది. పన్నెండేళ్ళ పైచిలుకు తరువాత ఆడమ్స్ ఇంటికి వెళ్ళాడు. హారిస్ 1985లో చేసిన మరొక హత్యకు 2004లో మరణశిక్ష అనుభవించాడు. మొదటిసారే అసలు మనిషిని పట్టుకుని ఉంటే ఆ రెండో ప్రాణం నిలిచేది. తప్పుడు తీర్పు ఒక్క మనిషికి జరిగే అన్యాయమే అనుకునేవారు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

ఇంత మేలు చేసిన ప్రక్రియ పాతికేళ్ళు తిరిగేసరికి ఎక్కడికి వచ్చింది? 2015లో హెచ్‌బీఓ ఆరు భాగాలుగా ప్రసారం చేసిన 'ద జింక్స్' చూడండి. న్యూయార్కులో కోట్ల ఆస్తిపరుల కుటుంబానికి చెందిన రాబర్ట్ డర్స్ట్ కథ ఇది. దర్శకుడు ఆండ్రూ జెరెకీ. ఆఖరి భాగంలో దర్శకుడు డర్స్ట్ ముందు రెండు చేతిరాతలు పెడతాడు. 'బెవర్లీ' అనే మాటలో ఒకే స్పెల్లింగు తప్పు రెండింటిలోనూ ఉంటుంది. ఇది నిజంగా గొప్ప పరిశోధన, కాదనము. ఆ తరువాత డర్స్ట్ బాత్‌రూములోకి వెళతాడు. చొక్కాకు తగిలించిన మైకు అలాగే ఉంది. తనలో తాను గొణుక్కుంటాడు. నేనేం చేశానని తనను తానే ప్రశ్నించుకుని, అందరినీ చంపాననే జవాబు తనే చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. దేశమంతా నిర్ఘాంతపోయింది. మేమూ కుర్చీలో నుంచి లేచాము.

2019లో కోర్టుకు వచ్చిన కాగితాల వల్ల తెలిసిందేమిటంటే, ఆ మాటలు ఆ వరుసలో అన్నవి కావు. చంపానన్న మాట ముందు వచ్చింది. నడుమ వేరే మాటలు చాలా ఉన్నాయి. నేనేం చేశానన్నది చిట్టచివర వచ్చింది. ఎడిటింగు బల్ల మీద వాటిని తిప్పి పక్కపక్కన పెట్టేసరికి ప్రశ్నా జవాబూ తయారయ్యాయి. 2021లో డర్స్ట్‌ను కాలిఫోర్నియా జ్యూరీ హత్యా నేరంలో దోషి అంది. 2022 జనవరిలో అతను మరణించాడు. "దోషేగా, మాట వరుస మారితే ఏమిటి?" అని ఒక మిత్రుడు మాతో వాదించారు. మా సమాధానం ఇది: దోషి విషయంలో కత్తెరకు అలవాటుపడ్డ చెయ్యి నిర్దోషి విషయంలో ఆగుతుందని హామీ ఏమిటి? మారిస్ అబద్ధాల అతుకులు విప్పి చూపాడు. ఇక్కడ అతుకు వేసి, వేసినట్టు చెప్పలేదు. మనం ఒప్పుకోలు విన్నామనుకున్నాము. విన్నది కూర్పరి పనితనం.

2015 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ పది భాగాల 'మేకింగ్ ఎ మర్డరర్' వచ్చింది. విస్కాన్సిన్‌లో స్టీవెన్ ఏవరీ తాను చెయ్యని నేరానికి 18 ఏళ్ళు జైలులో ఉండి, డీఎన్ఏ పరీక్ష వల్ల 2003లో బయటపడ్డాడు. 2005లో ఒక హత్య కేసులో మళ్ళీ అరెస్టయి, 2007లో దోషిగా తేలాడు. తీసిన ఇద్దరు స్త్రీలు పదేళ్ళు శ్రమించారు. ఏవరీ మేనల్లుడు, పదహారేళ్ళ కుర్రవాణ్ణి పోలీసులు ప్రశ్నించే దృశ్యాలు ఇందులో అసలైన సంపద. అధికారి కోరిన జవాబు దొరికేదాకా కుర్రవాడు ఊహిస్తూ పోవడం, నేరం ఒప్పుకున్నాక తిరిగి స్కూలుకు ఎప్పుడు వెళ్ళవచ్చునని అడగడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పిల్లలున్న ప్రతివారూ ఆ భాగం చూడాలి.

అయినప్పటికీ ఇందులోనూ ఒక పక్కకు మొగ్గు ఉంది. హతురాలి కారు హుడ్ దగ్గర ఏవరీ డీఎన్ఏ దొరికిందని ప్రాసిక్యూషన్ కోర్టులో చూపిన సాక్ష్యానికి ఈ సీరియల్‌లో చోటు దక్కలేదు. ఆ సాక్ష్యం బలమైనదో కాదో తేల్చవలసినది మేము కాదు. కాని మనల్ని తీర్పు చెప్పమన్నట్టుగా కూర్చోబెట్టి, కాగితాలలో కొన్నిటిని బల్ల కింద పెట్టడం న్యాయం కాదు. పర్యవసానం ఏమయింది? అతనికి క్షమాభిక్ష పెట్టమని అధ్యక్షుడికి లక్షకు పైగా సంతకాలతో విన్నపం వెళ్ళింది. రాష్ట్ర కోర్టు శిక్షను రద్దు చేసే అధికారం అధ్యక్షుడికి లేదని 2016 జనవరిలో శ్వేతభవనం జవాబిచ్చింది. పది గంటలు చూసి పది నిమిషాలు చదవని మన తొందరపాటుకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

మరొక ప్రమాదం ఉంది. ఒకణ్ణి విడిపించాలనే తాపత్రయంలో ఇంకొకణ్ణి ఇరికించడం. 1993లో ఆర్కన్సాలోని వెస్ట్ మెంఫిస్‌లో ఎనిమిదేళ్ళ పిల్లలు ముగ్గురు హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది ముగ్గురు కుర్రవాళ్ళు దోషులని తీర్పు వచ్చింది. ఆ తీర్పులోని లోపాలు ఎత్తిచూపిన 'పారడైజ్ లాస్ట్' సినిమాల వల్లనే దేశం వారి వైపు చూసింది. 2011లో వారు బయటికి రాగలిగారు. అది పుణ్యకార్యమే. కాని 2000లో వచ్చిన రెండో సినిమా చనిపోయిన ఒక పిల్లవాడి సవతి తండ్రి మీదికి అనుమానాన్ని నెట్టింది. ఆ తరువాతి సంవత్సరాలలో ఆయనే ఆ ముగ్గురూ నిర్దోషులని నమ్మి వారి పక్షాన మాట్లాడాడు. బిడ్డను పోగొట్టుకున్నవాడి మీద లోకమంతా వేలు చూపించాక ఆ వేలును వెనక్కి తీసుకోవడం ఎలా? పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం.

ఇదంతా వినోదం సంగతే అయితే ఇన్ని పేజీలు స్టెన్సిలు కొట్టించేవాళ్ళం కాము. మనలో చాలామంది ఈ దేశపు పౌరసత్వం తీసుకున్నాము. ఓటు హక్కుతో పాటు జ్యూరీ పిలుపూ వస్తుంది. ఇది మనం పుట్టిన దేశంలో ఎరగని బాధ్యత. 1959లో బొంబాయి నానావతి కేసులో జ్యూరీ ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఒకవైపుగా నిర్దోషి అంది. 'బ్లిట్జ్' పత్రిక అతని పక్షాన హోరెత్తించిన రోజులవి. జడ్జి అంగీకరించక హైకోర్టుకు పంపారు, హైకోర్టు శిక్షించింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయపరిచింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకపోయింది. పత్రికల హోరు న్యాయస్థానం గోడలు దాటకూడదనే పాఠం మనకు కొత్తది కాదు.

ఇక్కడ ఆ పన్నెండు కుర్చీలలో ఒకటి మనది కావచ్చు. మనల్ని జడ్జి కోరేది మూడే: కోర్టులో చూపినదే చూడు, బయటివి చూడకు, సహేతుకమైన అనుమానం మిగిలితే దోషి అనకు. మన సోఫా నేర్పేది సరిగ్గా దీనికి తలకిందులు. మొదటి భాగంలోనే ఒకడి ముఖం చూసి నిర్ణయించు. సంగీతం బరువెక్కితే అతనే. ఏడవకపోతే అతనే. ఆడమ్స్‌కు మరణశిక్ష వేసిన పన్నెండు మందీ రాక్షసులు కారు. మనవంటివారే, సాక్షి ధీమాగా చెబితే నమ్మినవారే.

కనుక మేము కోరేది చూడటం మానమని కాదు. చూసేటప్పుడు మూడు ప్రశ్నలు దగ్గర ఉంచుకోమని. ఈ మాట ఎక్కడ తెగింది, ఎక్కడ అతికింది? ఎవరిని మాట్లాడనివ్వలేదు? కథ మొదలవడానికి ముందే ప్రాణం పోయిన మనిషికి ఇందులో ఎంత చోటు దక్కింది? ఈ మూడిటికీ నిలిచే సినిమా గొప్పది. నిలవనిది ఎంత ఉత్కంఠగా ఉన్నా పరాయివాడి చావు మీద కాలక్షేపమే.

ఆ శనివారం ఇంటావిడ అడిగిన దానికి మాకు జవాబు తరువాత దొరికింది. ఇంటికి వచ్చి, ఆ డాక్యుమెంటరీ మళ్ళీ పెట్టి వెతికాము. ఆ అమ్మాయి పేరు మొదటి భాగంలో నాలుగుసార్లు, రెండో భాగంలో ఒకేసారి వచ్చింది. భర్త పేరు లెక్కపెట్టడం మధ్యలోనే మానుకున్నాము. మర్నాడు ఇంటావిడకు ఫోను చేసి ఆ పేరు చెప్పాము. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా అమ్మాయి వయసే కదండీ" అన్నారు.